నాకు దగ్గని పరీక్షకుడు

పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూలు వార్షికోత్సవం. 'మన ప్రాంతపు పైలట్లు' అని బ్యానరు కట్టి ఇద్దరిని వేదిక ఎక్కించారు. అందులో ఒకదాన్ని నేను. యూనిఫాం విప్పేసి చాలా ఏళ్ళయింది, మదనపల్లెలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. రెండో ఆయనది కుప్పం. ఎయిర్ ఫోర్సులో నాతోపాటు ఒకే యూనిట్లో హెలికాప్టర్ నడిపి, పెద్ద ర్యాంకులో రిటైరై వచ్చి, కుప్పంలో మిద్దె కట్టుకుని ఉంటున్నాడు. ఆయన వస్తాడని ముందే తెలిసి ఉంటే నేను గడప దాటేదాన్ని కాదు.

నాకు శాలువా కప్పి కూర్చోబెట్టారు. ఆయనకు శాలువాతోపాటు మైకు కూడా ఇచ్చారు.

"యూనిఫాం వేసుకున్నాక ఆడా లేదు, మగా లేదు పిల్లలూ," అన్నాడు. "పైన అందరికీ ఒకటే పరీక్ష, ఒకటే కొలత. అక్కడ మొహం చూసి మార్కులెయ్యరు. కావాలంటే మేడంను అడగండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు తిరిగి చెయ్యి చూపించాడు. నా చేతిలో స్కూలువాళ్ళు ఇచ్చిన బాదంపాల గ్లాసు ఉంది. దాన్ని కుర్చీ కింద పెట్టేశాను. ఆ మాట అనే అర్హత ఆ షామియానా కింద ఎవరికైనా లేదంటే ఆయనకే లేదు. నాకు ఆయన మీద అప్పుడు కలిగింది కోపం కూడా కాదు. వట్టి రోత.

ఎందుకో చెప్తాను.

మా అమ్మ మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో నర్సు. మా ఇల్లు ఆ కాంపౌండులోనే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. తొంభైల్లో ఆడపిల్లల్ని పైలట్లుగా తీసుకోవడం అప్పుడే మొదలైంది. పేపర్లో ప్రకటన చూసి అప్లై చేశాను, సెలెక్టయ్యాను. ఆ ఆదివారం చర్చిలో నాకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. బయటికి వచ్చాక ఒక పెద్దామె అమ్మ చెయ్యి పట్టుకుని, "హెలికాప్టర్లో నర్సు ఉద్యోగమామ్మా?" అని అడిగింది.

"కాదమ్మా, తోలేదానికే," అంది అమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె మెడ ఎంత నిటారుగా నిలబడిందో నాకిప్పటికీ కనిపిస్తుంది.

ట్రైనింగ్ అయ్యాక నన్ను వేసిన యూనిట్ ఉత్తరాన, కొండల కింద. చెవికి తెలుగు తగలని చోటు. చేరిన కొత్తలోనే ఒకరోజు వెనకనుంచి, "ఏమ్మా, మదనపల్లెనంట? మాది కుప్పం," అని వినిపించింది. తిరిగి చూస్తే ఆయన. నాకంటే కొన్నేళ్ళు సీనియర్. గుడుపల్లె దగ్గర భూములున్న రైతు కుటుంబం. మధ్యలో ఆఫీసు పోస్టింగు పడి ఎగరడంలో వెనకబడ్డాడు, అందుకని పైలట్ల స్థాయి తేల్చే కేటగిరీ పరీక్షలో మేమిద్దరం ఒకే మెట్టు మీద ఉన్నాం. ఆ రోజునుంచి ఆయనకు నేను 'మదనపల్లె', నాకు ఆయన 'కుప్పం సార్'.

వాళ్ళింటికి పిలిచి భోజనం పెట్టేవాళ్ళు. ఆయన భార్య రాగి సంగటి కెలికి, చెనక్కాయలతో పచ్చడిలాంటి ఊరిబిండి నూరేది. మూడేళ్ళో నాలుగేళ్ళో ఉన్న వాళ్ళ పాప నా ఒళ్ళో ఎక్కి కూర్చుని, ఆ ఊరిబిండి చేతుల్ని నా చీరకే తుడిచేది. అంత దూరాన నాకు పుట్టిల్లు దొరికిందని అమ్మకు ఉత్తరం రాశాను.

ఆ ఇల్లు తప్పిస్తే మిగతా చోట్ల నేను ఎవరికీ ఎక్కడ పెట్టాలో తెలియని సామానుని. హెలికాప్టర్లు నిలిపేచోట ఆడవాళ్ళకు బాత్రూం లేదు. ఎగరాల్సిన రోజుల్లో పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టుకునేదాన్ని కాదు. మెస్సులో పార్టీ అంటే బారు దగ్గర మగ ఆఫీసర్లు, సోఫాల్లో వాళ్ళ భార్యలు. నేను ఆఫీసర్ని, పైగా ఆడదాన్ని. బారు దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. సోఫాల దగ్గరికి పోతే కుక్కరు గాస్కెట్ ఏ కంపెనీది మంచిదని నన్నూ అడిగేవాళ్ళు. నాకు కుక్కరే లేదు.

ఇక కేటగిరీ సంగతి. మా దగ్గర పైలట్లను అప్పుడప్పుడు పరీక్షించి కేటగిరీ ఇచ్చేవాళ్ళు. బయటినుంచి ఒక పరీక్షకుడు వచ్చి, పక్క సీట్లో కూర్చుని, ఎలా నడుపుతున్నామో చూసి రాస్తాడు. మగవాళ్ళకు ఈసారి పోతే ఇంకోసారి వస్తుంది. మాకు అలా కాదు. మా బ్యాచ్ ఆడపిల్లల ఉద్యోగం కొన్నేళ్ళకే. ఆ గడువు అయ్యాక ఉంచాలా పంపాలా అని బోర్డు కూర్చుంటుంది. పై కేటగిరీ ఉంటే ఎగురుతూ ఉంటాను, లేకపోతే పెట్టె సర్దుకుని మదనపల్లె బస్సు ఎక్కుతాను. అది నాకు తెలుసు, యూనిట్లో అందరికీ తెలుసు.

దగ్గు గురించి నాకు చెప్పింది కుప్పం సారే. పరీక్ష దగ్గర పడుతుంటే వాళ్ళ వరండాలో కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"సూడు మదనపల్లె, పైన నువ్వు ఏదన్నా మర్సిపోతే పరీక్షకుడు దగ్గుతాడు. నోరు తెరిసి సెప్పకూడదు కదా, అందుకని. దగ్గు ఇనబడిందంటే ఏందో మర్సిపోయినామని అర్థం. గబుక్కున సూసుకుని సరిసేసుకోవాల. అది ఆయన రాయడు."

"అందరికీ దగ్గుతారా సార్?"

"అందురికీ దగ్గుతారు. అది మర్యాద కదమ్మా!"

ఆ ఆచారం నాకు నచ్చలేదు. హెలికాప్టర్లో ఇద్దరి నోళ్ళ దగ్గరా మైకులుంటాయి, బటన్ నొక్కితేనే అవతలివాడి చెవిలో పడుతుంది. నిజంగా గొంతులో గరగర వచ్చినవాడు బటన్ నొక్కి దగ్గడు. అయినా అందరికీ ఉన్నదే కదా, నాకూ ఉంటుందిలే అనుకున్నాను.

పరీక్షకుడు ముందురోజే దిగాడు. కత్తిరించిన మీసం, గట్టి నవ్వు. ఆ సాయంత్రం ఆయన గౌరవార్థం మెస్సులో పార్టీ. మరుసటిరోజు పరీక్ష ఉన్నవాళ్ళంతా బారు చుట్టూ మూగారు. నేనూ నిమ్మరసం గ్లాసు పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, చాలా మర్యాదగా, "ఇక్కడ మా మొరటు మాటలు మీకెందుకమ్మా, అటు లేడీస్ దగ్గర కూర్చోండి, హాయిగా ఉంటుంది," అన్నాడు. నేను ఏదో అనబోయేలోపల కుప్పం సార్ నాకు కళ్ళతో సైగ చేశాడు, పో పో అని. వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. బారు దగ్గర నవ్వులు పెద్దవయ్యాయి. మరుసటిరోజు దగ్గులు అక్కడే పంచిపెడుతున్నారని నాకు తట్టలేదు.

మరుసటి ఉదయం ఎండ బాగా కాసింది, ఆకాశంలో మచ్చ లేదు. ముందు కుప్పం సార్ వంతు. కొండ మీద చిన్న మైదానంలో దిగి, మళ్ళీ లేచి, యూనిట్‌కు తిరిగి రావాలి. దిగి వచ్చి హెల్మెట్ తీస్తూనే నా దగ్గరికి నవ్వుకుంటూ వచ్చాడు.

"బతికిపోయినా మదనపల్లె! వచ్చేటప్పుడు ఆల్టిమీటరు మార్సేది మర్సేపోయినా. సారు దగ్గినాడు. రెండుసార్లు దగ్గినాడు పాపం. లేకుంటే ఈ దినం నా కత అయిపోయుండు!"

ఆల్టిమీటరంటే గాలి ఒత్తిడిని పట్టి ఎత్తు చూపే మీటరు. ఎక్కడ దిగబోతున్నామో అక్కడి ఒత్తిడి అంకెను, దిగడానికి ముందే దాంట్లో తిప్పి పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఆ మీటరు తప్పు ఎత్తు చూపిస్తుంది. ఎండ కాసిన రోజు కళ్ళతో నేల కనబడుతుంది కాబట్టి ఏమీ కాదు. మబ్బు కమ్మిన రోజైతే కొండకు పోయి కొట్టుకుంటాం. అందుకని దాన్ని చిన్న తప్పని నేను ఎప్పుడూ అనలేదు.

తర్వాత నా వంతు. ఆయన చెప్పింది విని కూడా నేను అదే తప్పు చేశాను. కొండ మీద దిగేచోట గాలి అడ్డంగా కొట్టింది. పరీక్షకుడు ఇంజను పోయినట్టు చేసి దింపమన్నాడు, దింపాను. అది అంత బాగా కుదిరినందుకు లోపల ఎగిరి గంతేశాను. ఆ సంతోషంలో తిరిగి వచ్చేటప్పుడు మీటరు వైపు చెయ్యి పోలేదు. పక్క సీటులో ఆయన మీటరు చూశాడు, నన్ను చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. నా చెవుల్లో ఇంజను మోత తప్ప ఇంకేం లేదు. దిగేశాను.

గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. "ఫ్లయింగ్ చాలా బాగుంది. నీ చేతులు బాగున్నాయి. కానీ ఆల్టిమీటర్ మార్చలేదు. అది ప్రాణాలకు సంబంధించిన తప్పు, దాంట్లో నేను రాజీపడను." కేటగిరీ ఇవ్వలేదు. నేను లేవబోతుంటే మెత్తగా ఇంకో మాట అన్నాడు. "ఆడపిల్ల అని వదిలేశానని రేపు ఎవరూ అనకూడదు కదా. ఇది నీ మంచికే."

నీ మంచికే! తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. నా ఉద్యోగం మీద కాలు పెట్టి, ఆ కాలికి నాచేత దణ్ణం పెట్టించుకోవాలనుకున్నాడు.

బయట కుప్పం సార్ కేటగిరీ వచ్చిన సంబరంలో ఉన్నాడు. నాది పోయిందనీ ఎందుకు పోయిందనీ చెప్పాను. ఆయన మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "అట్లనా," అన్నాడు.

నేను మా కమాండింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాను. నా తప్పు నాకు రాయమనే చెప్పాను. అదే తప్పుకు అదే ఉదయం ఇంకొకరికి దగ్గారు, నాకు దగ్గలేదు, ఇద్దరికీ రాయండి లేదా ఇద్దరినీ వేరే పరీక్షకుడితో మళ్ళీ పరీక్షించండి అన్నాను. ఆయన నవ్వాడు. "మనిషన్నాక దగ్గు రాదా?" అన్నాడు. నేను కదలకుండా నిలబడేసరికి, కుప్పం సార్‌ను పిలిపించాడు.

"నువ్వు పైన ఆల్టిమీటర్ మర్చిపోయావా? ఆయన దగ్గాడా?"

కుప్పం సార్ నన్ను చూడలేదు. గోడమీది మ్యాపు చూస్తూ నిలబడ్డాడు.

"నాకు గుర్తు లేదు సార్," అన్నాడు.

పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తు లేదు! కమాండింగ్ ఆఫీసర్ చేతులు చాపి, ఇంకేం చేయగలను చెప్పమ్మా అన్నట్టు చూశాడు. ఆయన మీద కూడా అసహ్యమే వేసింది. కానీ ఆయన నా ఊరిమాట మాట్లాడినవాడు కాదు.

రెండో పరీక్షకు తేదీ ఇచ్చేలోపల బోర్డు కూర్చుంది. కేటగిరీ లేదు కాబట్టి పొడిగింపు లేదు. గడువు తీరాక మదనపల్లె వచ్చేశాను. టమాటా లారీల వెనక బస్సు ఈడ్చుకుంటూ ఊళ్ళోకి వచ్చేసరికి నా నోరు పిడచగట్టుకుపోయింది. నీళ్ళ సీసా చేతిలోనే ఉంది, తాగడం అలవాటు తప్పింది.

అమ్మకు అంతా చెప్పాను. ఆమె తన వార్డులో నేర్చుకునే నర్సమ్మాయిలకు పరీక్షలు పెట్టే మనిషి.

"నాకేమీ ఆ పరీక్ష పెట్టినోని మీద అంత కోపం లేదు మే," అంది. "వాడెవుడో. ఈ కుప్పమాయన పెండ్లాం చేతి అన్నం తిన్యావే నువ్వు, అది సూడు. అది నాకు సయించడం ల్యా."

ఆ తర్వాత అమ్మ ఊరిబిండి నూరడం మానేసింది. నేను మానమనలేదు.

మళ్ళీ పుంగనూరు వేదిక దగ్గరికి వస్తాను. చప్పట్లు అయ్యాక ఆయన ఏమీ జరగనట్టే నా దగ్గరికి వచ్చాడు. వెనక ఒక పొడుగాటి పిల్ల. "పాప మే, గుర్తు పట్నావా? నీ ఒళ్ళో కూసుంటా వుండె. ఇంటరు చదవతాండాది. తానూ పైలట్ అవతానని ఒకటే పట్టు. లెక్కలూ, ఆ ఇంటర్వ్యూలూ నువ్వయితే బాగా సెప్తావు. ఒక ఆదివారం కుప్పానికి రాకూడదా?"

రానని అనబోయాను. ఆ పిల్ల నా శాలువా కొసను పట్టుకుని, "రండి ఆంటీ," అంది. ఆ చేతుల్ని చూశాను. వెళ్ళకూడదని బస్సెక్కే వరకూ అనుకుంటూనే, తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళాను.

మిద్దె బాగా కట్టాడు. హాల్లో గోడంతా ఆయన ఫొటోలు, హెలికాప్టర్ల ముందు చేతులు కట్టుకుని. ఆయన భార్య ఎదురొచ్చి, ఏళ్ళ తరబడి చూడని అక్కను చూసినట్టు నా చేతులు పట్టుకుంది. పాపకు లెక్కలు చెప్పాను. మంచి తెలివైన పిల్ల, తెలియనిది తెలియదని చెప్తుంది. పుస్తకం మూసి, నా మొహంలోకి చూసి అడిగింది.

"ఆంటీ, మీరు యాల వచ్చేసినారు? ఇష్టం ల్యాక మీరే మానుకున్యారని నాయన సెప్తాడు. నిజమేనా?"

ఆయన ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. దగ్గాడు.

పొడి దగ్గు. ఒకసారి దగ్గి, నేను చూడకపోయేసరికి మళ్ళీ దగ్గాడు. నాకు ఎంత రోత పుట్టిందంటే, నవ్వొచ్చింది. ఆ ఉదయం నాకు అక్కరకొచ్చే దగ్గు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు నోరు మూసుకోమని రెండు!

"మీ నాయన దగ్గినాడు సూడు పాపా," అన్నాను. "అట్ల దగ్గితే ఏం అర్థమో ఆయన్నే అడుగు."

ఆయన ఫ్యాను వైపు చూశాడు. వంటింట్లోంచి పళ్ళెం పట్టుకుని వస్తున్న ఆయన భార్య ఆ మాట వింది. పాపం, ఆమెకు ఏమీ తెలియదు. నవ్వుతూ అంది.

"అయ్యో, ఆ దగ్గా! ఆ కేటగిరీ వచ్చిన దినం ఇంటికొచ్చి ఎంత నవ్వినాడో ఈయన! 'ఆల్టిమీటరు మర్సిపోతే సారు రెండుసార్లు దగ్గినాడు, అందుకే బతికినా' అని పాపకు కూడా దగ్గి సూపిచ్చినాడు. ఏమప్పా, గుర్తు లేదా నీకు?"

"గుర్తుండాది," అన్నాడు ఆయన.

ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో. వినగానే మనసు తేలికవుతుందని అనుకునేదాన్ని. ఏమీ కాలేదు. నేను పాపకు అంతా చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. ఆయన భార్య పళ్ళెం పట్టుకునే నిలబడిపోయింది. చెప్పడం అయ్యాక పాప తండ్రి వైపు తిరిగింది.

"అయితే నాకు మాత్రం దగ్గుతారా నాయనా?"

ఇప్పుడన్నా సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, బిడ్డ తల నిమిరాడు.

"నీకు దగ్గుతారులే పాపా. మనోళ్ళు పైన శానామంది ఉండారు. నేను సెప్పిపెడతా."

నేను లేచాను. ఆమె పళ్ళెంలో ఉన్నది సంగటి, పక్కన ఊరిబిండి. తినకుండా వెళ్తున్నందుకు ఆమె ఒక్కదానికే క్షమాపణ చెప్పాను. ఆయన్ని పలకరించలేదు, చెప్పులేసుకుని బయటపడ్డాను.

గేటు తీస్తుంటే వెనక అడుగుల చప్పుడు. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, ఆ మీటరు ఎప్పుడు మార్సుకోవాల?"

"దిగేదానికి ముందర మే," అన్నాను. "ఎవురూ దగ్గకముందే."